‘రిఫర్ చేశాను’ పక్కన ఉండాల్సిన గడి

ఆశా కార్యకర్త డైరీ తెరిస్తే ‘రిఫర్ చేశాను’ అనే మాట పేజీ పేజీకీ కనపడుతుంది. పక్కన పేరుంటుంది, తేదీ ఉంటుంది, ఎక్కడికి పంపిందో ఉంటుంది. ఆ మనిషి అక్కడికి చేరిందా, డాక్టరు చూశారా, మందులు దొరికాయా, మళ్ళీ ఎప్పుడు రమ్మన్నారు అనేవి చాలా డైరీల్లో ఉండవు. రాయడం మరిచిపోయి కాదు, రాయడానికి గడే లేదు. శిక్షణలో ఆ గడి ఎవరూ గీయించలేదు.

2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ మొదలైనప్పుడు వెయ్యి జనాభాకు ఒక ఆశ అని లెక్కవేశారు. కొండల్లో, ఏజెన్సీలో గూడేనికి ఒకరిని పెట్టుకునే వీలిచ్చారు. ఊరికీ ఆసుపత్రికీ మధ్య మనిషిగా ఉండటం ఆమె పనుల్లో ముఖ్యమైనది. శిక్షణ మాత్రం వేరే వైపు ఎక్కువ మొగ్గింది. ఆశల శిక్షణ పుస్తకాల్లో 6, 7 నంబర్ల మాడ్యూళ్ళు నాలుగు విడతల్లో 20 రోజులు నడుస్తాయి. బిడ్డను తూచడం, ఊపిరి లెక్కపెట్టడం చాలా బాగా నేర్పుతాయి. బిడ్డ నిమిషానికి 60 సార్లు, ఆ పైన ఊపిరి తీస్తుంటే ఏం చేయాలన్న దగ్గరికి వచ్చేసరికి ‘వెంటనే ఆసుపత్రికి పంపాలి’ అనే ఒక్క వాక్యంతో సరిపెట్టేస్తారు. పంపడం కూడా నేర్చుకోవాల్సిన పనే. సూది గుచ్చడానికి ఎంత సాధన కావాలో దీనికీ అంత కావాలి. ఏఎన్ఎంలు, సీహెచ్‌ఓలు (ఊరి క్లినిక్‌లో ఉండే కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్లు), స్వచ్ఛంద సంస్థల ట్రైనర్లు రేపటి బ్యాచ్‌లో వాడుకోవడానికి పనికొచ్చేలా ఆ సాధన ఎలా చేయించాలో రాస్తున్నాను.

బ్యాచ్‌లో 30 మందికి మించి వద్దు. 25 అయితే ఇంకా మంచిది. మొదటి రోజు పొద్దున ప్రొజెక్టర్ ముట్టుకోకుండా ఒక్కొక్కరికీ ఒక చార్టు ఇచ్చి వాళ్ళ ఊరు గీయమనండి. ఇళ్ళు, వీధులు అందరూ గీస్తారు. ఆ తర్వాత అడగాల్సినవి ఇవి: మండల కేంద్రానికి చివరి బస్సు ఎన్నింటికి? వానాకాలంలో ఏ వాగు పొంగితే దారి ఆగిపోతుంది? రాత్రి పిలిస్తే వచ్చే ఆటో ఎవరిది? సిగ్నల్ లేని వీధి ఏది? 108 బండి ఊళ్ళోకి వస్తుందా, రోడ్డు మీదే ఆగుతుందా, ఆగితే అక్కడిదాకా మనిషిని ఎలా మోసుకెళ్తారు? ఇవన్నీ అదే చార్టు మీద ఎక్కాలి. ఏజెన్సీ ఆశలైతే డోలీ కట్టి ఎంత దూరం నడవాలో కూడా రాయాలి. సాలూరు లాంటి చోట గిరిజన గర్భిణుల కోసం వసతి గృహం ఉంది. అలాంటిది దగ్గర్లో ఉంటే కాన్పు తేదీకి ఎన్ని రోజుల ముందు కొండ దించాలన్నది ఈ చార్టు చూస్తేనే తేలుతుంది.

మధ్యాహ్నం అందరినీ ఆసుపత్రికి తీసుకెళ్ళండి, మర్యాదకు చూసి రావడానికి కాదు. గేటు దగ్గర మొదలుపెట్టి రోగి నడిచే దారిలోనే నడిపించాలి. ఓపీ చీటీ ఎక్కడ రాస్తారు, ఎన్నింటికి ఆపేస్తారు, ల్యాబ్‌లో రక్తం ఎన్ని గంటల దాకా తీసుకుంటారు, పరగడుపున రావాల్సిన పరీక్షలేవి, రిపోర్టు అదే రోజు ఇస్తారా, మందుల కిటికీ ఎటు, ఆరోగ్యశ్రీ డెస్క్ ఏ మూల ఉంది? ప్రతి ఆశా తన నోట్‌బుక్‌లో టైములతో సహా రాసుకోవాలి. ‘ల్యాబ్ ఎడం పక్కన రెండో గది, పదకొండు లోపల వెళ్ళు’ అని చెప్పగలిగిన ఆశ మాటను ఊరు నమ్ముతుంది. పుస్తకంలో ఉండే పీహెచ్‌సీకీ మన మండలంలో ఉన్న పీహెచ్‌సీకీ తేడా ఉంటుంది. ఆశకు తెలియాల్సింది రెండోది.

తర్వాత చీటీల ఆట. ఒక్కో చీటీ మీద ఒక్కో కేసు రాసి, గోడకు నాలుగు కాగితాలు అంటించండి: మన ఊరి క్లినిక్, పీహెచ్‌సీ, ఆపరేషన్ జరిగే ఆసుపత్రి, ‘ఇప్పుడే 108’. ఏ చీటీ ఎక్కడికో వాళ్ళనే పెట్టమనండి. రెండు వారాలుగా దగ్గు. మొదటి కాన్పు సిజేరియన్ అయి ఇప్పుడు ఎనిమిదో నెల. పుట్టినప్పుడు 1,700 గ్రాములున్న బిడ్డ. ఐదో నెలలో హిమోగ్లోబిన్ 6.5. వీటన్నిటికంటే ఎక్కువ వాదన లేపే చీటీలు రెండు. ఒకదాని మీద ‘వయసు 50, బీపీ 150/96’ అని రాయండి. రెండోదాని మీద ‘ఎనిమిదో నెల గర్భిణి, బీపీ 150/96, తలనొప్పి, కళ్ళు మసకలు’ అని రాయండి. అంకెలు రెండింటిలోనూ అవే. మొదటి మనిషి ఈ వారంలో సీహెచ్‌ఓ దగ్గరికో పీహెచ్‌సీకో వెళ్ళి మళ్ళీ చూపించుకుంటే సరిపోతుంది. రెండో మనిషికి ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది, ఆమె ఆ గంటలోనే బండెక్కాలి. ఈ రెండు చీటీలనూ ఒకే కాగితం కింద పెట్టేవాళ్ళు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. తప్పు పెట్టినవాళ్ళను ట్రైనర్ సరిదిద్దకూడదు. పక్కనున్న ఆశలు ఎందుకు తప్పో చెప్పేదాకా ఆగాలి.

అన్నిటినీ పెద్దాసుపత్రికి రాసిచ్చే అలవాటు వల్ల కూడా నష్టమే. మామూలు బీపీ మందుల కోసం 60 కిలోమీటర్లు వెళ్ళి, కూలి పోగొట్టుకుని, సాయంత్రం దాకా లైన్లో నిలబడ్డ మనిషి మళ్ళీ వెళ్ళడు. మందులు ఆపేస్తాడు. అటు సిజేరియన్ అవసరం పడే మనిషిని ఆపరేషన్ జరగని చోటికి పంపితే అక్కడినుంచి మళ్ళీ ఇంకోచోటికి పరుగు, చేతిలో ఉన్న గంటలు దారిలోనే పోతాయి. ఏ ఆసుపత్రిలో రాత్రిపూట మత్తు ఇచ్చే డాక్టరు ఉంటారు, ఎక్కడ రక్తం దొరుకుతుంది అనేది మూడు నెలలకోసారి మళ్ళీ కనుక్కుని రాసుకోవాల్సిందే. డాక్టర్లు బదిలీ అవుతుంటారు, సేవలు మారిపోతుంటాయి.

పంపేటప్పుడు చెప్పాల్సిన మాటలు ఐదు: ఎక్కడికి, ఎవరి దగ్గరికి, ఏ రోజు ఏ టైముకు, ఏం పట్టుకుని, ఎలా. వీటికి తోడు, ఇంటి దగ్గర ఎవరుంటారు అన్నది కూడా అడగాలి. చాలామంది ఆడవాళ్ళు ఆసుపత్రికి వెళ్ళకపోవడానికి భయం కారణం కాదు. గేదెకు గడ్డి ఎవరు వేస్తారు, చిన్నపిల్లను ఎవరు చూస్తారు అన్న ప్రశ్నకు జవాబు దొరకదు, అంతే. ఆ జవాబు వెతకడంలో సాయపడితే సగం పని అయినట్టే.

కాగితాల విషయం కొంచెం విడిగా చెప్పాలి. ఆధార్, రేషన్ కార్డు, పాత ఓపీ చీటీలు, వాడుతున్న మందుల ఖాళీ అట్టలు, గర్భిణి అయితే ఎంసీపీ కార్డు (తల్లీబిడ్డల ఆరోగ్య వివరాలు రాసే కార్డు) అన్నీ ఒక కవర్లో పెట్టించాలి. మందుల పేర్లు ఎవరికీ గుర్తుండవు, కాబట్టి ఖాళీ అట్ట పారేయొద్దని ముందే చెప్పి ఉంచాలి. ఇక అసలు చిక్కు ఫోను. రిజిస్ట్రేషన్‌కు ఓటీపీ అడుగుతారు, ఆధార్‌కు ఉన్న నంబరు హైదరాబాద్‌లో పనిచేసే కొడుకుది. అతను డ్యూటీలో ఉండి ఫోన్ ఎత్తడు. ఈ ఒక్క కారణంతో కౌంటర్ దగ్గరినుంచి వెనక్కి వచ్చినవాళ్ళు ఎందరో. బయల్దేరే ముందే ‘నీ ఆధార్‌కు ఏ నంబరు ఉంది పెద్దమ్మా, అది ఎవరి దగ్గరుంది?’ అని అడగడం, ఆ కొడుక్కి ఒక ఫోన్ చేసి పెట్టడం శిక్షణలోనే నోటికి రావాలి.

పథకాల పేర్లు బట్టీ పట్టించడం నాకు నచ్చదు. పేర్లు మారతాయి, పరిమితులు మారతాయి. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరులో 10 లక్షలైంది, ఆంధ్రప్రదేశ్‌లో ఆ పథకం పేరే మారింది. దానికి బదులు అడిగి తెలుసుకోవడం నేర్పండి: ఏ కార్డు కావాలి, ఈ జబ్బుకు వర్తిస్తుందా, ఈ ఆసుపత్రి లిస్టులో ఉందా, చేరకముందే ఎవరిని కలవాలి. సందేహం వస్తే 104కు ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టి ఇంటివాళ్ళ ముందే కనుక్కోవచ్చు. మారనివి మాత్రం గట్టిగా తెలిసుండాలి. 2011లో వచ్చిన జననీ శిశు సురక్ష కార్యక్రమం కింద సర్కారు ఆసుపత్రిలో కాన్పుకు, సిజేరియన్‌కు, మందులకు, పరీక్షలకు, రక్తానికి డబ్బు కట్టనక్కర్లేదు. మామూలు కాన్పుకు మూడు రోజులు, సిజేరియన్‌కు ఏడు రోజులు భోజనం పెడతారు. ఇంటినుంచి ఆసుపత్రికి, అక్కడినుంచి ఇంకో ఆసుపత్రికి, మళ్ళీ ఇంటికి బండి కూడా ఉచితమే. దింపి వచ్చే 102 బండి సంగతి తెలియక పచ్చి బాలింతను షేర్ ఆటోలో తెచ్చుకునే కుటుంబాలు ఇంకా ఉన్నాయి.

మన దగ్గర దారి తప్పడం ఎక్కువగా జరిగే చోటు పుట్టిల్లు. అత్తగారి ఊళ్ళో మూడో నెలలో పేరు నమోదవుతుంది, ఆర్‌సీహెచ్ నంబరు (గర్భిణికి సర్కారు రికార్డులో ఇచ్చే గుర్తింపు నంబరు) వస్తుంది, అక్కడి ఆశ చూసుకుంటూ ఉంటుంది. ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో సీమంతం చేసి అమ్మాయిని పుట్టింటికి తీసుకెళ్తారు. సరిగ్గా జాగ్రత్తగా చూడాల్సిన నెలలు అవే. ఈ ఊరి ఆశ ‘పుట్టింటికి వెళ్ళింది, అక్కడివాళ్ళు చూస్తారు’ అనుకుంటుంది. ఆ ఊరి ఆశకు తన లిస్టులో ఆ పేరే లేదు. కాన్పయ్యాక బిడ్డను 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఇంటికి వెళ్ళి చూడాలి, ఆ ఆరు సందర్శనలూ పుట్టింటి ఊరి ఆశ చేయాల్సినవి. తర్వాత మూడో నెలలోనో ఐదో నెలలోనో తల్లీబిడ్డలు అత్తింటికి వస్తారు. టీకాలు 6, 10, 14 వారాలకు ఉంటాయి కాబట్టి మూడో డోసు సరిగ్గా ఈ ప్రయాణం దగ్గర జారిపోతుంది. అంటే ఒకే కాన్పులో మనిషిని ఒకరి చేతినుంచి ఇంకొకరి చేతికి రెండుసార్లు అప్పగించాలి.

దీనికి శిక్షణలో చేయించాల్సిన పని చిన్నదే. నాలుగో నెల సందర్శనలోనే ‘కాన్పు ఎక్కడ అనుకుంటున్నారు అత్తా?’ అని అడిగి పుట్టింటి ఊరు, మండలం, అక్కడి ఒక ఫోన్ నంబరు రాసుకోవాలి. బయల్దేరే వారంలో ఆ ఊరి ఆశకు స్వయంగా ఫోన్ చేయాలి. నంబరు తెలియకపోతే తన ఏఎన్ఎం ద్వారా ఆ పీహెచ్‌సీని అడిగి తీసుకోవాలి. చెప్పాల్సినవి: ఆర్‌సీహెచ్ నంబరు, కాన్పు తేదీ, చివరి హిమోగ్లోబిన్, చివరి బీపీ, బ్లడ్ గ్రూపు, హైరిస్క్ అయితే ఎందుకు అన్నది. తరగతిలో ఇద్దరిద్దరిని వీపులు ఆనించి కూర్చోబెట్టి ఈ ఫోన్ మాట్లాడించండి. వినేవాళ్ళు రాసుకున్నది చెప్పినదానితో పోల్చి చూస్తే ఏది జారిపోయిందో బయటపడుతుంది. తరచుగా జారేది బ్లడ్ గ్రూపు. ఎంసీపీ కార్డు అత్తగారి బీరువాలో ఉండిపోకుండా అమ్మాయి సంచిలో పడేలా చూడటం కూడా ఈ ఆశ పనే.

టీబీ దగ్గర ఇంకో రకం తప్పు జరుగుతుంది. మనిషి వెళ్తాడు, డబ్బా ఇస్తాడు, రిపోర్టులో ఏమీ లేదని వస్తుంది. అతను ఇచ్చింది కఫం కాదు, ఉమ్మి. కఫం ఎలా పట్టాలో చేసి చూపించకుండా డబ్బా చేతికిస్తే జరిగేది ఇదే. పొద్దున లేవగానే మామూలు నీళ్ళతో నోరు పుక్కిలించాలి. గాలి ఆడే చోట, ఇంటి బయట, మిగతావాళ్ళకు దూరంగా నిలబడాలి. రెండు మూడుసార్లు గట్టిగా ఊపిరి పీల్చి, రొమ్ము లోతునుంచి దగ్గి, వచ్చిన చిక్కటి కఫాన్ని డబ్బాలో వేయాలి. కనీసం రెండు మిల్లీలీటర్లు, అంటే అర టీస్పూను దాకా ఉండాలి. నీళ్ళలా పలచగా, నురగగా ఉంటే మళ్ళీ పట్టాలి. మూత బిగించి, పేరు మూత మీద కాకుండా డబ్బా మీద రాయాలి, మూతలు మారిపోతాయి. శిక్షణలో గంజితో, నీళ్ళతో రెండు డబ్బాలు నింపి ఏది పనికొస్తుందో చేత్తో పట్టుకుని చెప్పమంటే ఇక జన్మలో మరిచిపోరు.

టీబీ అని తేలాక ప్రభుత్వం పోషకాహారానికి ఇచ్చే డబ్బు 2018లో నెలకు 500తో మొదలై 2024 నవంబరు నుంచి 1,000 అయింది. అది ఖాతాలో పడకపోవడానికి సాధారణంగా కనపడే కారణం ఎప్పుడో తెరిచి వాడకుండా వదిలేసిన ఖాతా. పాస్‌బుక్ చూడగానే చివరి లావాదేవీ తేదీ చూడటం ఆశలకు నేర్పండి. పాతదైతే మందులు మొదలైన వారంలోనే బ్యాంకుకు పంపాలి. ఇంకో మాట. ‘నీ దగ్గు పరీక్ష ఏమైంది?’ అని నీళ్ళ ట్యాంకు దగ్గర నలుగురిలో అడిగితే ఆ ఇంట్లో ఇక తలుపు తెరవరు. టీబీ, హెచ్‌ఐవీ, మనసుకు సంబంధించిన బాధలు, కుటుంబ హింస ఇంటి లోపల, ఒంటరిగా ఉన్నప్పుడు మాట్లాడాల్సినవి. మనసు బాగోలేనివాళ్ళకు 14416 టెలీ మానస్ నంబరు రాసిచ్చి ఊరుకోకండి. ఆశ తన ఫోన్‌తోనే కలిపి పక్కన కూర్చోవాలి.

30 ఏళ్ళు దాటినవాళ్ళకు బీపీ, షుగరు లాంటి జబ్బుల ముప్పును మార్కులతో లెక్కగట్టడానికి నింపే సీబ్యాక్ ఫారం గురించి ఒక్క విషయమే చెప్తాను. అందులో నడుము కొలత టేపుతో కొలవాలి. చిట్టచివరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ సరిగ్గా మధ్యన, ఊపిరి మామూలుగా వదిలినప్పుడు. కుచ్చిళ్ళ మీదనుంచి కొలిస్తే నాలుగైదు సెంటీమీటర్లు ఎక్కువ వస్తుంది, కంటితో అంచనా వేస్తే ఏదో ఒకటి వస్తుంది. ఆడవాళ్ళకు 80 దాటితే ఒక మార్కు, 90 దాటితే రెండు. మొత్తం నాలుగు దాటినవాళ్ళు ముందుగా పరీక్షకు వెళ్ళాలి కాబట్టి ఆ ఒక్క మార్కు వల్ల లిస్టులో మనిషి స్థానం మారిపోతుంది. మగవాళ్ళు పగలు ఇంట్లో దొరకరు, సాయంత్రం అరుగు మీద దొరుకుతారు. ఆశ ఒంటరిగా వెళ్ళలేని చోటికి సీహెచ్‌ఓతో కలిసి వెళ్ళే ఏర్పాటు ట్రైనర్లే చేయాలి.

ఇక మాట్లాడే తీరు. ముగ్గురేసి విడగొట్టండి, ఒకరు ఆశ, ఒకరు అత్తగారు, ఒకరు పక్కన కూర్చుని చూసేవాళ్ళు. పది నిమిషాలు చాలు. అత్తగారి పాత్ర వేసిన ఆశలు అద్భుతంగా వేస్తారు, ఎందుకంటే ఆ మాటలు రోజూ వింటున్నవే.

‘మా కాలంలో అందరం ఇంట్లోనే కన్నాం, మాకేమైంది?’

‘నిజమే అత్తా, నువ్వు గట్టిదానివి. నీ కాన్పులప్పుడు ఎవరైనా కష్టపడింది చూశావా?’

ఈ ప్రశ్న అడిగితే పెద్దావిడే ఏదో ఒక కథ చెప్తుంది, రక్తం ఆగనిదో బిడ్డ దక్కనిదో. వాదించి గెలిచే ఆశ ఇంటి గడప దాటి బయటికి వచ్చేస్తుంది, వినే ఆశకు లోపల పీట వేస్తారు. ‘వెళ్ళకపోతే పింఛను ఆగిపోతుంది, రేషన్ తీసేస్తారు’ అనే బెదిరింపు అస్సలు రానివ్వకూడదు. ఒకసారి పనిచేస్తుంది, ఆ తర్వాత ఆశను ప్రభుత్వ మనిషిగా చూస్తారు, జబ్బు దాస్తారు.

ఊళ్ళో మొదటి వైద్యం చాలాసార్లు ఆర్ఎంపీ దగ్గరే జరుగుతుందన్న నిజాన్ని తరగతిలో దాచొద్దు. సెలైన్ ఎక్కించి జ్వరం తగ్గించే మనిషిని తిడితే ఊరు మన వైపు రాదు. ‘రెండు వారాల దగ్గు ఉన్నవాళ్ళు నీ దగ్గరికి వస్తే నాకో మాట చెప్పన్నా’ అని అడిగి పెట్టుకుంటే కొందరైనా చెప్తారు.

108కు ఫోన్ చేయడం కూడా సాధన చేయించాలి. కంగారులో అందరూ ‘త్వరగా రండి’ అనే అంటారు. ఏం జరిగింది, ఎవరికి, ఏ ఊరు, ఏ మండలం, గుర్తుగా గుడో బడో వాటర్ ట్యాంకో, ఏ నంబరుకు తిరిగి ఫోన్ చేయాలి. ఒకే పేరుతో రెండు మండలాల్లో ఊళ్ళుంటాయి కాబట్టి మండలం పేరు ముందు రావాలి. ఆ తర్వాత ఫోన్‌ను లైన్లో బిజీగా ఉంచొద్దు. టార్చి పట్టుకుని రోడ్డు మీద ఒకరిని నిలబెట్టాలి. బిడ్డను తీసుకెళ్తుంటే తల్లి రొమ్ముకు చర్మం తగిలేలా కట్టి, తలకు టోపీ పెట్టి పంపాలి. 1,700 గ్రాముల బిడ్డ దారిలో చల్లబడితే అక్కడ ఎంత మంచి ఎస్ఎన్‌సీయూ (జబ్బు చేసిన పసికందులను చూసే ప్రత్యేక విభాగం) ఉన్నా కష్టమే.

ఆటో డబ్బులు ఎవరిస్తారన్నది తేల్చకుండా శిక్షణ ముగించకండి. చాలాచోట్ల ఆశ తన చేతినుంచి పెడుతోంది, అది అన్యాయం. గ్రామ ఆరోగ్య పారిశుధ్య కమిటీకి ఏడాదికి 10,000 రూపాయల అన్‌టైడ్ నిధి (ఫలానా పనికే అన్న కట్టడి లేని డబ్బు) ఉంటుంది, బీద రోగిని ఆసుపత్రికి చేర్చడానికి అందులోంచి వాడుకోవచ్చు. తీర్మానం ఎలా రాయాలో, రసీదు ఏం పెట్టాలో ఒక నమూనా చేతికిచ్చి పంపండి.

అవతలి ఒడ్డున ఆసుపత్రి ఉంది. ఆశ ఇచ్చిన చీటీ పట్టుకుని వచ్చిన రోగి ముందే ఆశను ‘నువ్వెవరు, పక్కకు పో’ అని కసిరితే, ఆ ఊళ్ళో ఆమె మాటకు విలువ ఆ రోజుతో పోతుంది. మళ్ళీ నమ్మకం తెచ్చుకోవడానికి ఏళ్ళు పడుతుంది. అందుకే ఆశలకు శిక్షణ ఇచ్చే వారంలోనే పీహెచ్‌సీ ఓపీ సిబ్బందికి, నర్సులకు, ల్యాబ్ వాళ్ళకు ఒక పూట పెట్టండి. వాళ్ళనుంచి కోరేది ఒక్కటే. రిఫరల్ చీటీ కింది సగంలో ఏం తేలింది, ఏ మందులు, మళ్ళీ ఎప్పుడు రావాలి అనేవి తెలుగులో రెండు ముక్కలు రాసి చించి రోగి చేతికివ్వాలి. అది ఆశకు చేరితే ఇంటి దగ్గర ఆమె చూడాల్సినది ఆమెకు తెలుస్తుంది.

ఇప్పుడు ఆ గడి. డైరీ పేజీలో ‘ఎక్కడికి పంపాను’ తర్వాత మూడు నిలువు గీతలు గీయించండి: చేరిందా, ఏం చెప్పారు, మళ్ళీ ఎప్పుడు. అత్యవసరమైతే అదే రోజు, మామూలు కేసైతే రెండు రోజుల్లో ఇంటికి వెళ్ళో ఫోన్ చేసో నింపాలి. చేరకపోతే ‘చేరలేదు’ అని కాక ఎందుకు చేరలేదో ఒక్క మాట: బండి లేదు, డబ్బు లేదు, తోడు లేరు, కౌంటర్ మూసేశారు, భయం. నెలనెలా ఆశా డే రోజు పీహెచ్‌సీలో ఈ మాటలు లెక్కపెడితే మండలంలో ఎక్కడ తెగుతోందో మెడికల్ ఆఫీసరుకు కళ్ళకు కట్టినట్టు కనపడుతుంది. ‘కౌంటర్ మూసేశారు’ అని పది డైరీల్లో ఉంటే ఆశలకు మళ్ళీ శిక్షణ ఇవ్వడంలో అర్థం లేదు, కౌంటర్ టైము మార్చాలి. ఆ మాట పైకి చెప్పే ధైర్యం ట్రైనర్‌కు ఉండాలి. ‘చేరలేదు’ అని నిజం రాసిన ఆశను మీటింగులో అందరి ముందు మందలిస్తే వచ్చే నెల అన్ని డైరీల్లోనూ ‘చేరింది’ అనే ఉంటుంది.

మూడు నెలలయ్యాక పరీక్ష కాగితం ఇవ్వొద్దు. ఒక్కో ఆశ డైరీలోంచి ఐదు పేర్లు తీసి, ఆమెతో కలిసి ఆ ఐదు ఇళ్ళకూ వెళ్ళండి. ఓపీ చీటీ చూపించమని అడగండి, మందుల అట్టలో ఎన్ని మాత్రలు మిగిలాయో లెక్కపెట్టండి, మళ్ళీ వెళ్ళాల్సిన తేదీ ఇంటివాళ్ళకు తెలుసో లేదో కనుక్కోండి.